గంప ఎత్తగానే ముందు కోడి మేత సంచి తడిమి చూడండి

సంపాదకులకు నమస్కారం.

తమ పత్రిక వ్యవసాయ పేజీలో పెరటి కోళ్ల గురించి అప్పుడప్పుడు వచ్చే వ్యాసాలను నేను కత్తిరించి దాచుకుంటూ ఉంటాను. కొక్కెర తెగులుకు టీకా ఎప్పుడు వేయించాలి, వనరాజ, గ్రామప్రియ వంటి పెరటి రకాలను ఎలా పెంచాలి, గుడ్లు పెట్టే పెట్టకు ఏ మేత వేయాలి వంటి సంగతులు వాటిలో బాగానే ఉంటాయి. అయితే ఇంట్లో నాలుగైదు కోళ్లను ముద్దుగా పెంచుకునేవారికి తరచుగా ఎదురయ్యే బాధ ఒకటి ఉంది. సకాలంలో గమనిస్తే నయమైపోతుంది, గమనించకపోతే కోడి మన కళ్ల ముందే ఎండిపోయి చచ్చిపోతుంది. దాని గురించి మాత్రం నా కత్తిరింపుల్లో ఒక్క ముక్క కూడా దొరకలేదు. అది మేత సంచికి వచ్చే బాధ. దాని వల్ల ఒక కోడిని పోగొట్టుకుని, ఇంకొక కోడిని దక్కించుకున్నవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

కోడి మింగిన గింజ నేరుగా కడుపులోకి పోదు. మెడ మొదట్లో, రొమ్ముకు కాస్త కుడివైపున, చర్మం కిందే ఉండే ఒక పలుచని సంచిలో ముందుగా చేరుతుంది. అక్కడ నాని, మెత్తబడి, కొంచెం కొంచెంగా దిగువకు దిగి, కందనకాయలో నలుగుతుంది. ఈ సంచిని పాఠ్యపుస్తకాల్లో అన్నాశయం అంటారు. ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి, నల్లబల్ల మీద బొద్దింక అన్నాశయం బొమ్మ లెక్కలేనన్నిసార్లు వేసిన నాకు, నా పెరట్లో తిరిగే కోడి అన్నాశయం ఎక్కడుందో చేత్తో తడిమి తెలుసుకోవాలన్న బుద్ధి ఉద్యోగ విరమణ అయ్యాక గాని పుట్టలేదంటే నవ్వుకోవచ్చు. ఈ ఉత్తరంలో మాత్రం అందరికీ అర్థమయ్యేలా మేత సంచి అనే అంటాను.

సాయంత్రం గూటికి చేరే ముందు కోడి గబగబా మేస్తుంది. రాత్రంతా తినదు కనుక ఆ సంచి నింపుకునే నిద్రకు వెళుతుంది. అందుకే చీకటి పడే వేళకు మెడ కింద నిమ్మకాయంత ఉబ్బు కనిపిస్తుంది. వేలితో తాకితే లోపల గింజలు కదులుతున్నట్టు తెలుస్తుంది. అది రోగం కాదు. రాత్రి గడిచేసరికి ఆ మేతంతా కిందికి దిగిపోయి, తెల్లవారుజామున సంచి ఖాళీగా, చర్మానికి అంటుకుపోయి, ఉందో లేదో తెలియనట్టు ఉండాలి. నేను చెప్పదలచిన అసలు సంగతి ఇదే. మధ్యాహ్నం కోడిని పట్టుకుని సంచి నిండుగా ఉందని కంగారుపడినా ప్రయోజనం లేదు, నిండుగా ఉంది కనుక బాగా తింటోందని సంతోషించినా ప్రయోజనం లేదు. పొద్దున గంప ఎత్తగానే, గింజ చల్లక ముందే, నీళ్లు పెట్టక ముందే తడిమి చూడాలి. అప్పుడు కూడా సంచి నిండుగా ఉంటే ఆ కోడికి ఏదో అయిందన్నమాట. పట్టుకోవడం కూడా కష్టం కాదు. కోడిని తువాలులో చుట్టి ఎడమ చంకలో ఇరికించుకుని, కుడిచేతి వేళ్లతో రొమ్ము ఎముక పైభాగం నుంచి మెడ వైపు నెమ్మదిగా తడిమితే చాలు. నాలుగు రోజులు అలవాటైతే కోడి కూడా గింజుకోవడం మానేస్తుంది.

చేతికి తగిలేదాన్ని బట్టే బాధ ఏమిటో చాలావరకు తెలిసిపోతుంది. సంచి గట్టిగా, కలిపి పెట్టిన పిండిముద్దలా ఉండి, బొటనవేలితో నొక్కితే పడిన సొట్ట అలాగే ఉండిపోతే, లోపల ఏదో ఉండకట్టి దారి మూసుకుపోయిందని అర్థం. అలా కాక నీళ్లు నింపిన బుడగలా జవజవలాడుతూ, ముక్కు దగ్గర వాసన చూస్తే పులిసిన పిండి కంపు కొడుతూ ఉంటే, లోపల మేత పులిసి బూజు పట్టిందన్నమాట. మూడో రకంలో సంచి కండరం సాగిపోయి, జోలెలా వేలాడుతూ, కోడి నడిచినప్పుడల్లా అటూ ఇటూ ఊగుతుంది. ఈ మూడోది వస్తే మునుపటి స్థితికి రావడం కష్టం. కొంచెం కొంచెంగా మెత్తని మేత పెడుతూ, రోజూ కనిపెట్టుకుని ఉంటే కోడి చాలాకాలం బతుకుతుంది. దాని గురించి ఇంతకు మించి చెప్పేది లేదు. మొదటి రెండిటి సంగతే ముఖ్యం, ఎందుకంటే మొదటిది ముదిరితే రెండోదిగా మారుతుంది.

మా కోనసీమలో సంచి మూసుకుపోవడానికి ప్రత్యేకమైన కారణం ఒకటుంది. ఏ ఇంటి వెనక చూసినా కొబ్బరి డొక్కల పోగు ఉంటుంది. ఆ డొక్కల కింద చెదలూ పురుగులూ ఉంటాయి కనుక కోళ్లు అక్కడే కెలుకుతాయి, పురుగుతో పాటు పీచును కూడా మింగుతాయి. పొడవాటి గరిక, ఎండు వరిగడ్డి, యూరియా బస్తా అంచు నుంచి ఊడిన ప్లాస్టిక్ పోగులు, పూలదండ దారాలు కూడా ఇంతే. దానికి తోడు మాది ఒండ్రుమట్టి నేల. గోదావరి మేట వేసిన ఈ లంక భూముల్లో తవ్వినా రాయి తగలదు. కోడికి పళ్లు లేవు కనుక అది మింగిన సన్న గులకలే కందనకాయలో తిరగలి పని చేస్తాయి. గులక దొరకని చోట కందనకాయ పని సగమే జరుగుతుంది, పైనున్న మేత దిగడం ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యంలో పీచు పీచుతో పెనవేసుకుంటుంది. పట్నాల్లో మేడ మీద సిమెంటు నేలపై పెంచే కోళ్లకూ ఇదే ఇబ్బంది. ఇల్లు కట్టేవారు ఇసుక జల్లించినప్పుడు జల్లెడలో మిగిలే సన్న గులకను ఒక డబ్బాడు తెచ్చుకుని చిప్పలో పోసి పెడితే, కోడి తనకు కావలసినంత తనే ఏరుకుంటుంది. దుకాణంలో అమ్మే ఆల్చిప్పల పొడి ఇందుకు బదులు కాదు. అది గుడ్డు పెంకు కోసం. కడుపులోని ఆమ్లానికి కరిగిపోతుంది కనుక గింజను నలపదు. నేను కొన్నాళ్లు ఆ పొడి పెట్టి, రాళ్ల పని కూడా అదే చేస్తుందని అనుకున్నాను.

ఇక పోగొట్టుకున్న కోడి కథ. మూడేళ్ల కిందట మా ఎర్రపెట్ట రెట్ట పలుచనైతే, మందుల దుకాణంలో అడిగి, నీళ్లలో కలిపే యాంటీబయాటిక్ పొడి తెచ్చి వారం రోజులు తాగించాను. డాక్టరును అడగలేదు. మేత సంచిలో మామూలుగా మేలు చేసే సూక్ష్మజీవులు ఉంటాయి. పాలను పెరుగు చేసే జీవుల జాతివే అవి. అక్కడ కాస్త పులుపు పుట్టించి చెడ్డవాటిని అదుపులో పెడతాయి. ఆ మందు వాటిని ఊడ్చేసింది. ఖాళీ అయిన చోట కాండిడా అనే బూజు పెరిగింది. పసిపిల్లల నోట్లో తెల్లగా పూసే నోటిపూతకు కారణమైన బూజు కూడా ఇదే. అది ముదిరితే సంచి లోపలి పొర తువాలు నూగులా తెల్లగా, మందంగా తయారవుతుంది. మా పెట్ట మెడ సాగదీసి, పాము మెలికల్లా తిప్పి, ఆవలించినట్టు నోరు తెరిచేది. తినడానికి వచ్చేది, రెండు గింజలు పొడిచి నిలబడిపోయేది. ఈకల కింద రొమ్ము ఎముక కత్తిలా చేతికి తగిలింది.

ఆ సమయంలో వీధిలో అందరూ ఒకే సలహా చెప్పారు. కోడిని కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి, సంచి పిండితే నోట్లోంచి నీరంతా పోతుందట. చిన్నప్పుడు మా ఇంట్లోనూ అలా చేయడం చూశాను కనుక నేనూ చేశాను. బూడిదరంగు నీరు భళ్లున వచ్చింది. తరవాత కోడి ఒక్కసారి రెక్కలు కొట్టుకుని నా చేతుల్లోనే చల్లబడిపోయింది. కారణం తరవాత చదివి తెలుసుకున్నాను. కోడి నాలుక మొదట్లో, నోరు తెరిస్తే కనిపించే చోటే, ఊపిరి దారి ఒక చిన్న చీలికలా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. కింది నుంచి ఎగదన్నిన నీరు ఆ చీలికలో పడితే ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఈ తలకిందుల వైద్యంతో కొన్ని కోళ్లు బతికిన మాట నిజమే కావచ్చు, కానీ బతికినవాటి కథలే వీధిలో తిరుగుతాయి. దయచేసి ఈ పని ఎవరూ చేయవద్దు. అవసరమైతే పశువైద్యుడు గొట్టం వేసి తీస్తారు.

దక్కిన కోడి పేరు చుక్కి. మా మనవరాలు పెట్టిన పేరు. కిందటి శీతాకాలంలో ఒక పొద్దున గంప ఎత్తి తడిమితే సంచి రాయిలా ఉంది. ఈసారి వీధిని అడగలేదు. దాన్ని వేరుగా, కింద గడ్డి లేని పెట్టెలో పెట్టి, ఆ రోజంతా మేత ఆపి, నీళ్లు మాత్రం పెట్టాను. వేరుగా ఉంచడం ఎందుకంటే, దాని రెట్ట ఎంత వేస్తోందో, ఏ రంగులో ఉందో తెలియాలి. సూది తీసేసిన సిరంజితో గోరువెచ్చని కొబ్బరినూనె రెండు మూడు మిల్లీలీటర్లు, ముక్కు పక్క నుంచి చుక్క చుక్కగా, ఒక్కొక్క చుక్కా మింగేదాకా ఆగుతూ పోశాను. ఆ తరవాత సంచిని వేళ్లతో గుండ్రంగా, చపాతీ పిండి కలిపినట్టు కాదు, పసిపిల్లకు కడుపు రాసినంత మెత్తగా, ఐదేసి నిమిషాలు రోజుకు నాలుగుసార్లు రాశాను. చాలా కోళ్లకు దీనితోనే ఉండ విడిపోయి మర్నాటికో ఆ మర్నాటికో సంచి దిగుతుంది. దిగాక కూడా ఒకేసారి గింజలు వేయకూడదు. ఉడికించిన గుడ్డు నలిపి, నానబెట్టిన మేతలో ఒక చెంచా పెరుగు కలిపి, కొంచెం కొంచెంగా నాలుగు రోజులు పెట్టాలి. నీరసంగా ఉందని బెల్లం నీళ్లు పోసేవారు మా వైపు ఎక్కువ. సంచి పులిసిన కోడికి బెల్లం గాని, రొట్టె గాని పెడితే ఆ తీపి అందుకుని బూజు ఇంకా పెరుగుతుంది.

చుక్కికి రెండు రోజులైనా ఉండ కదలలేదు. మొదట వెళ్లిన పశువుల ఆసుపత్రిలో చీటీ రాసే మనిషి నవ్వి, నాలుగొందల కోడికి ఇంత హడావుడా, కూర వండుకోక అన్నాడు. వాసన కొడుతున్న, మందులు పడిన, రోగమేమిటో తెలియని కోడిని కోసి తినమని ఆసుపత్రి గుమ్మంలోనే చెప్పడం మీద నాకు వేరే ఉత్తరం రాయాలనుంది, ఇప్పుడు వద్దు. పక్క మండలంలోని డాక్టరుగారు మాత్రం ఒక పశువును చూసినట్టే చూశారు. కోడి ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినలేదని నిర్ధారించుకుని, సంచి మీది ఈకలు ఒక వరుసలో పీకి, తిమ్మిరి సూది వేసి, ముందు చర్మం, తరవాత రక్తనాళాలు తప్పించి సంచి గోడ కోశారు. లోపలి నుంచి చిమటాతో లాగితే తాడు పేనినట్టు వచ్చింది. కొబ్బరి పీచు, దానికి చుట్టుకున్న తెల్లని బస్తా పోగులు, మధ్యలో మొలకెత్తడానికి సిద్ధంగా ఉబ్బిన రెండు వడ్లగింజలు. మొత్తం కోడిగుడ్డంత ఉండ. గదంతా పుల్లటి కంపు. సెలైన్‌తో కడిగి, మొదట సంచిని కరిగిపోయే దారంతో కుట్టి, తరవాత చర్మాన్ని విడిగా కుట్టారు. ఈ విడిగా కుట్టడం అన్నది అందరూ గుర్తుంచుకోవలసిన మాట. పల్లెల్లో కొందరు బ్లేడుతో కోసి, ఇంట్లో సూదీ దారంతో సంచినీ చర్మాన్నీ కలిపి ఒకే కుట్టు వేసేస్తారు. ఆ రెండూ అతుక్కుపోతే సంచి కదలడం మానేస్తుంది, కుట్టు ఊడితే తిన్నది గాయంలోంచి కారుతుంది. తిమ్మిరి మందు లేకుండా కోయడం ఎంత బాధో వేరే చెప్పనక్కరలేదు.

ఆపరేషను తరవాత పులుపు కంపు ఇంకా ఉందని నిస్టాటిన్ రాశారు. ఈ మందు గురించి పాత ఉపాధ్యాయుడిగా ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. 1950లో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు స్త్రీ శాస్త్రవేత్తలు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి దీన్ని తీశారు. వారు పనిచేసిన న్యూయార్క్ రాష్ట్రం పేరు మీదనే నిస్టాటిన్ అని పెట్టారు. ఇది పేగుల నుంచి రక్తంలోకి దాదాపుగా ఎక్కదు. తగిలిన చోటే బూజును చంపుతుంది. అందుకే మేత మీద చల్లి పెడితే చాలదని, సంచి ఖాళీగా ఉన్నప్పుడు, మేతకు ముందు, నోట్లో పోయాలని డాక్టరుగారు చెప్పారు. మోతాదు కోడి బరువును బట్టి ఆయనే రాస్తారు, నేను ఇక్కడ రాయను. పాత పద్ధతిలో కొందరు నీళ్లలో మైలుతుత్తం కలుపుతారు. కొలత కాస్త తప్పితే అది విషం. కళ్లతో అంచనా వేసి కలిపే వస్తువు కాదు.

ఇంకొక జాగ్రత్త చెప్పాలి. సంచి దిగకపోవడం అన్నిసార్లూ సంచి తప్పు కాదు. పేగుల్లో నట్టలు ఉండచుట్టుకుని అడ్డుపడినా, గుడ్డు లోపల ఇరుక్కుపోయినా, మారెక్ వ్యాధిలో సంచిని కదిలించే నరం చచ్చుబడినా, పైన కనిపించే లక్షణం ఒకటే. నూనె పోసి, రాసి, సంచి దిగి, మళ్లీ వారానికే నిండితే లోపల వేరే కారణం ఉందనుకుని రెట్ట పరీక్ష చేయించాలి. అలాగే నోటి నుంచి నీరు కారుతూ, ఆకుపచ్చ రెట్ట వేస్తూ, మెడ తిప్పుతూ, ఒకటి కాక రెండు మూడు కోళ్లు ఒకేసారి ముడుచుకుంటే అది కొక్కెర తెగులు కావచ్చు. అప్పుడు సంచి రాస్తూ కూర్చోకుండా వెంటనే పశువైద్యుడికి చెప్పాలి. మేత సంచి బాధ ఒక కోడికి వస్తుంది, తెగులు గంపంతటికీ వస్తుంది. అనుమానం వచ్చినప్పుడు నేను మొదట చూసేది ఈ తేడానే.

తమ పత్రిక ద్వారా రెండు విన్నపాలు. మొదటిది పశుసంవర్ధక శాఖవారికి. 1962కు ఫోన్ చేస్తే గేదె కోసం వచ్చే సంచార వాహనం ఒక్క కోడి కోసం రావాలని నేను అడగడం లేదు. కానీ గ్రామ పశుసంవర్ధక సహాయకులు ఊళ్లోకి వచ్చి కోళ్లకు టీకా వేసే రోజున, కోడి ఎలాగూ చేతిలోనే ఉంటుంది. యజమాని వేళ్లను పట్టుకుని మేత సంచి ఎక్కడుందో ఒకసారి తాకించి, పొద్దున ఎలా ఉండాలో చెబితే అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం నాకు మూడేళ్ల కిందట దొరికి ఉంటే ఎర్రపెట్ట విషయంలో నేను చేసిన పని చేసి ఉండేవాడిని కాను.

రెండోది తమకు. వ్యవసాయ పేజీలో ఒక మూల, మేత సంచి స్థానాన్నీ, నాలుక మొదట్లోని ఊపిరి దారినీ గుర్తించి చూపే బొమ్మ ఒకటి ప్రచురించండి. మందు ఏ పక్క నుంచి పోయాలో మాటల్లో ఎంత చెప్పినా అర్థం కాదు, బొమ్మ చూస్తే పదేళ్ల పిల్లకైనా తెలుస్తుంది. చిత్రకారుడు దొరకకపోతే నాకు తెలియజేయండి. బొద్దింక అన్నాశయం వేసిన చేయి కోడిది వేయలేకపోదు. చుక్కిని పక్కన కూర్చోబెట్టుకునే వేసి పంపుతాను.

భవదీయుడు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
అమలాపురం దగ్గరి పల్లె నుంచి